కొత్త డిస్కులు వేసిన మనిషి

నా నోరు మంచిది కాదు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ రోజుకొకసారి ఈ మాట అనేది. స్టాఫ్‌రూంలో నా వెనక అందరూ అంటారు. నా పెళ్లి ఎందుకు నిలవలేదన్నది వేరే కథ, దానికీ ఈ నోటికీ సంబంధం ఉందని గిట్టనివాళ్లు అంటారు, అననీ. ఇన్నాళ్లూ నేను మాత్రం దాన్ని ఒక మంచి గుణంలాగే చెప్పుకుంటూ వచ్చాను. ఉన్నమాట మొహం మీదే అనేస్తాను, కడుపులో ఏమీ దాచుకోను అని. ఆ నోటితోనే హిందూపురంలో ఒక మెకానిక్ నోటికాడి కూడు తీశాను. అతను చేసిన తప్పంటూ ఏమీ లేదు. ఆ సంగతి నాకు తెలిసేసరికి అతని షెడ్డు మూతపడింది.

మొదటినుంచీ చెబుతాను.

మాది హిందూపురం. ఇంట్లో నేనూ నాయనే. పెనుకొండ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజూ పొద్దున పాత డీజిల్ కారులో పోయి సాయంత్రం వస్తాను. నాతోపాటు సైన్సు మేడం, హిందీ మేడం వస్తారు. మొన్న ఎండాకాలం నుంచి బ్రేకు తొక్కితే పెడల్ పాదం కింద వణకడం మొదలుపెట్టింది. హైవే మీద వేగంగా పోతూ తొక్కితే స్టీరింగ్ కూడా వణికేది. "నీ కారుకు చలిజ్వరం వచ్చినట్లుంది" అని సైన్సు మేడం నవ్వేది. నేనూ నవ్వి ఊరుకున్నాను. బడులు తెరిచాక ఇక భయం పట్టుకుంది.

పరిగి రోడ్డులో ఒక రేకుల షెడ్డు ఉండేది. దాన్ని నడిపే మెకానిక్‌కు నలభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. మాట తక్కువ. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోయేటప్పుడు షెడ్డు ముందు ఒక స్టూలు అడ్డంగా పెట్టి పోయేవాడు, అదే తాళం. మా టీచర్లలో సగం మంది బండ్లు అక్కడికే పోయేవి. హిందీ మేడం భర్త ప్రైవేటు స్కూలు నడుపుతాడు. ఆ స్కూలు వ్యాన్లు నాలుగూ అతనే చూసేవాడు. నిజం చెప్పాలంటే ఆ షెడ్డును నిలబెట్టింది ఆ వ్యాన్లే.

కారు తీసుకుపోతే, అతను ముందు చక్రం విప్పి నన్ను దగ్గరికి పిలిచాడు.

"వేలు పెట్టి చూడండి మేడం. అంచుకాడ."

డిస్కు అంచున గోరు తగిలేంత గట్టు తేలి ఉంది. లోపలి భాగమంతా అరిగి పల్లమైపోయింది. పెట్టె మీద రోటరు అని రాసి ఉంటుంది గానీ మా వైపు అందరూ డిస్కే అంటారు. చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్లెం అది. దాన్ని రెండు పక్కలా నొక్కి పట్టుకునేవి ప్యాడ్లు. అతను కొలిచి, ఆ అంకెను సుద్దముక్కతో నేల మీద రాశాడు. దాని పక్కనే, ఇంతకంటే పల్చబడితే వాడకూడదని డిస్కు మీదే అచ్చుపోసి ఉన్న అంకెను రాశాడు. నాది దానికంటే తక్కువ. లెక్కల టీచరును, కళ్ల ముందున్న రెండు అంకెలతో ఏం వాదిస్తాను? అయినా వాదించాను.

"లేతు మిషను మీద వేసి నున్నగా చేయించొచ్చు కదన్నా? మా సార్లు అట్లే చేయించినారు. ప్యాడ్లు మాత్రం కొత్తవి వేయి."

"ఉండేదే తక్కువ మేడం. ఇంకా గీకితే రేకయిపోతాది. పెనుకొండకాడ హైవే దిగేటప్పుడు వేడెక్కి పగిల్తే ఎవరిది పూచీ? డిస్కులూ మార్చల్ల, ప్యాడ్లూ మార్చల్ల. రెండు పక్కలా."

"నేను ప్యాడ్లే వేయమంటాండా గదా!"

"నేను వెయ్యను మేడం. ఇంకొకరితో వేయించుకోండి, నేనేమీ అనుకోను."

నాకు ఒళ్లు మండింది. ఎక్కువ బేరం కోసం ఈ నాటకమంతా అనుకున్నాను. కానీ బేరం కావాల్సిన మనిషి "ఇంకొకరి దగ్గరికి పో" అనడు కదా. ఆ ఒక్క మాటకే మెత్తబడి సరేనన్నాను.

స్పేర్ల అంగడికి ఇద్దరం కలిసి పోయాం. అక్కడ బల్ల మీద మూడు రకాల ప్యాడ్లు పెట్టారు. ఒకటి పేరు చూస్తే కంపెనీదే, కానీ దాని ముద్రను అతను గోటితో గీకి చూసి, డూప్లికేటు అని పక్కకు తోసేశాడు. అంగడివాడి మొహం మాడిపోయింది. మిగిలినవి రెండు. ఒకటి మెత్తరకం, సద్దు చేయదు, తొందరగా అరుగుతుంది, బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. ఇంకోటి గట్టిరకం, వేడికి లొంగదు, కానీ కొత్తలో కీచుమంటుంది. అతను నన్ను అడగడం మొదలుపెట్టాడు. ఎంతమంది కూర్చుంటారు? హైవే మీద ఎంత స్పీడు పోతారు? వాలులో గేరులోనే దిగుతారా, న్యూట్రల్ చేస్తారా? నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

"న్యూట్రల్ చేస్తా. డీజిల్ మిగుల్తాది కదా" అన్నాను.

అతను తల పట్టుకున్నాడు. "అందుకేనా మేడం డిస్కులు ఇట్లయినాయి! బండి బరువంతా బ్రేకుల మీదే మోపుతాండారు. గేరులో దిగండి. మీకు గట్టి ప్యాడ్లే కావల్ల."

బిగించేటప్పుడు కొత్త డిస్కులను అంచులు పట్టుకుని ఎత్తాడు. పెట్టెలోంచి వచ్చినప్పుడు ఉన్న జిడ్డంతా మందు కొట్టి తుడిచాడు. నేను తాకబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. చేతి జిడ్డు కూడా అంటకూడదట. చివర్లో తాళాలిస్తూ అన్నాడు:

"కొన్ని దినాలు కూస్తాయి మేడం. భయపడొద్దండి, అవే సర్దుకొంటాయి. మరీ ఎక్కువైతే నా కాడికే రాండి. మధ్యలో ఎవర్నీ ముట్టనియ్యద్దండి."

ఆ మాట విన్నాను. ఇంటికి పోయి నాయనతో మాత్రం చెప్పలేదు. కార్లంటే ఏమీ తెలియని మనిషికి చెప్పి ఏం ప్రయోజనం అనుకున్నాను.

కూస్తాయంటే ఏదో కాస్త కూస్తాయనుకున్నాను. అవి కూయలేదు, గొంతు చించుకున్నాయి. బడి గేటు దగ్గర బ్రేకు తొక్కగానే ప్రేయరుకు నిలబడ్డ నాలుగు వందల తలలు ఒక్కసారి ఇటు తిరిగాయి. తొమ్మిదో తరగతి కోతి ఒకడు ఆ కూతను నోటితో అచ్చం అట్లే కూసి చూపించాడని మధ్యాహ్నానికి నా చెవిన పడింది. పోతే పోయిందిలే అనుకునే రకం కాదు నేను. ఇంటికొచ్చి సంగటి ముందు కూర్చుని వారం రోజులు అదే పాట పాడాను.

"పరువు పోతాంది నాయనా! అంత దుడ్లు పోసి వేయించుకుంటే, బండి వస్తాందంటే ఊరంతా తెలుస్తాంది."

మా నాయనకు డెబ్బై ఆరేళ్లు. ముప్ఫై ఏళ్లకు పైగా ఎద్దులబండి తోలాడు. పరిగి చుట్టుపక్కల పల్లెల నుంచి శెనక్కాయ మూటలు హిందూపురం మిల్లులకు చేరవేయడమే ఆయన బతుకు. బండి కింద ఒక వెదురు గొట్టం వేలాడేది, అందులో కందెన ఉండేది. ఆముదంలో మసి కలిపి ఆయనే చేసుకునేవాడు. ప్రయాణానికి ముందు చక్రం సడలించి, కోడి ఈకతో ఇరుసుకు ఆ కందెన పూసి గానీ ఎద్దులను కట్టేవాడు కాదు. చిన్నప్పుడు నేను బండి మీద పడుకుని పోతే చక్రాల సద్దే వినిపించేది కాదు, ఎద్దుల మెడలోని గంటలు తప్ప.

"మా కాలంలో బండి అరిస్తే బండోణ్ణి చూసి జనం నవ్వుతాండ్రి" అన్నాడు ఆదివారం రాత్రి సంగటి కలుపుకుంటూ. "దీనికేమీ వేయరా పాపా?"

"ఏం వేస్తారు నాయనా, నా తలకాయ!" అని కసిరి లేచిపోయాను.

ఆ సోమవారం పొద్దున కారు తీస్తే సద్దు లేదు. సందు చివర తొక్కాను, లేదు. సైన్సు మేడం ఇంటి ముందు తొక్కాను, లేదు. "సర్దుకున్నాయి చూడు!" అని ఆమెతో గొప్పగా చెప్పాను. స్పీడు బ్రేకరు దగ్గర బండి నేననుకున్న చోట కాక ఒక బారెడు ముందుకు పోయి ఆగింది. అది నాకు తెలిసింది. తెలిసీ, కొత్తవి కదా, ఇంకా సర్దుకోవాలేమో అనుకున్నాను. ఈ ఒక్క ముక్క ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు.

పెనుకొండ దగ్గర హైవే దిగే వాలులో అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. ముందు నడుస్తున్న మనిషి కర్ర పైకెత్తాడు. తొక్కాను. పెడల్ కిందికి పోయింది గానీ బండి ఆగలేదు, కుడివైపుకు లాగేసింది. హ్యాండ్‌బ్రేకు లాగాను. రోడ్డు పనికోసం పోసిన కంకర కుప్పలోకి ముందు చక్రాలు దూసుకుపోయి బండి ఆగింది. గొర్రెలకు ఏమీ కాలేదు. నాకూ హిందీ మేడంకూ ఏమీ కాలేదు. సైన్సు మేడం మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకోవడంతో మణికట్టు విరిగింది. ఆమె నొప్పికి అరవలేదు. నా వైపు తిరిగి "సర్దుకున్నాయంటివే" అంది.

ఆ మాటకు నా ఒళ్లంతా మంట పుట్టింది. ఆమెను ఆసుపత్రికి పంపి, ఆ కంకర మీదే కూర్చుని, ఫోనులో మా టీచర్ల గ్రూపుకు రాశాను. ఆ షెడ్డుకు ఎవరూ పోవద్దు, కొత్త డిస్కులని చెప్పి పనికిరాని ప్యాడ్లు అంటగట్టి ముగ్గురి ప్రాణాలు తీయబోయాడు, మీ పిల్లల మీద ప్రేమ ఉంటే అతన్ని మీ బండి తాకనీయకండి అని. మూడు లైన్లు. పక్కన కంకర కుప్ప ఫోటో. పెనుకొండ నుంచి ఇంటికి చేరేలోపే అది ఎన్ని గ్రూపులు దాటిందో తెలియదు.

మరుసటి రోజు కారును లాక్కెళ్లి ఆ షెడ్డు ముందే పడేయించాను. నేనూ వస్తానని నాయన పట్టుబట్టి వచ్చాడు. షెడ్డులో అప్పటికే నలుగురైదుగురు ఉన్నారు. నా నోటికి అంతకంటే ఏం కావాలి? ఏమన్నానో ఇక్కడ రాయలేను, రాస్తే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలి. "నీకూ పిల్లోళ్లుండారు గదా, వాళ్లను కూచోబెట్టి తోలు చూద్దాం ఈ బండిని" అన్నది మాత్రం గుర్తుంది. అతను చక్రాలు విప్పాడు. ప్యాడ్లు ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. డిస్కును వేలితో రాసి, వేళ్లు రుద్దుకున్నాడు. తలెత్తి, మూలన స్టూలు మీద కూర్చున్న నాయన వైపు చూశాడు. కొంచెంసేపు అట్లే చూశాడు. తర్వాత నా వైపు తిరిగి అన్నాడు:

"ప్యాడ్లు చెడిపోయినాయి మేడం. వేరేవి వేసిస్తా. దుడ్లు ఇయ్యొద్దండి."

"చూశారా! తప్పు ఒప్పుకున్నాడు!" అని అక్కడున్న వాళ్లందరికీ వినిపించేట్లు అన్నాను. వాళ్లు తలలూపారు. పని అవుతుండగా అతను టీ తెప్పించి నాయనకు తానే అందించాడు, వంగి చెవిలో ఏదో చెప్పాడు. కాకా పడుతున్నాడు అనుకున్నాను.

ఆ తర్వాత బ్రేకులు బాగా పనిచేశాయి. కూత లేదు, వణుకు లేదు. బాగుపడనిది నాయన. కారు ఎక్కడం మానేశాడు, తిండి తగ్గించాడు. ఆదివారం సంతకు రమ్మంటే మోకాళ్లు నొప్పి అనేవాడు. రెండు మూడు రోజులకొకసారి మాత్రం, ఏదో గుర్తొచ్చినట్లు అడిగేవాడు.

"ఆ మెకానిక్ అప్ప ఎట్లుండాడు పాపా?"

"ఎట్లుంటే నీకేమి నాయనా! నాశనమైపోతాడులే" అనేదాన్ని.

అయ్యాడు. ముందు వ్యాన్లు పోయాయి. హిందీ మేడం భర్త నాలుగూ వేరే చోటికి మార్చేశాడు, పిల్లల విషయం కదా అన్నాడు. తర్వాత టీచర్ల బండ్లు పోయాయి. రెండు నెలలు దాటాక ఒక సాయంత్రం ఆ దారిన వస్తుంటే షెడ్డు ఉన్న చోట సెల్‌ఫోను కవర్లు వేలాడుతున్నాయి. పక్కన పూలమ్మే ఆమెను అడిగితే, ధర్మవరం పోయినాడు, ఆడ ఎవరి షెడ్డులోనో కూలికి చేరినాడంట అంది. ఇంటికొచ్చి ఆ కబురు నాయనకు చెప్పాను. ఎట్లా చెప్పానో కూడా చెప్పాలి. సంతోషంగా చెప్పాను.

నాయన కలుపుతున్న ముద్దను పళ్లెంలోనే వదిలేశాడు.

"ఆయప్ప తప్పేం లేదు పాపా. నేనే ఆముదం పెట్టినా."

"దేనికి?"

"ఆ చక్రాలకు. సందులో నుంచి కోడీకతో. ఎడమ పక్కది బాగా అరుస్తాంది గదాని దానికి రొంత ఎక్కువ పెట్టినా. నువ్వు వారం దినాలుగా ఏడుస్తాంటివి. సద్దు నిలిస్తే సంతోషపడ్తావనుకొంటి."

డిస్కును ప్యాడ్లు పట్టుకుంటేనే బండి ఆగుతుంది, ఆముదం పూస్తే అవి ఎట్లా పట్టుకుంటాయి? ఇంత చిన్న సంగతి. ముప్ఫై ఏళ్లు చక్రాలతో బతికిన మనిషి తనకు తెలిసిన వైద్యం చేశాడు. ఇరుసుకు మంచి చేసేది బ్రేకుకు చెడు చేస్తుందని ఆయనకు ఎవరు చెప్పారు? చెప్పాల్సింది నేను. నా తలకాయ అని లేచిపోయాను.

"మరి ఆ పొద్దు షెడ్డులోనే చెప్పుంటే ఏం పోయేది నాయనా!" అని అరిచాను.

"చెప్పల్లనే వస్తి. నువ్వు అరుస్తాంటివి. నాకు నోరు రాలేదు." పళ్లెం పక్కకు జరిపాడు. "ఆయప్పకు వాసన తెలిసిపాయ. టీ ఇస్తా చెవిలో చెప్పె. 'తాతా, దీనికి నూనె పెట్టగూడదు, ఇంకెప్పుడూ పెట్టద్దు. మేడంకు నేను చెప్పన్లే' అని."

కన్న తండ్రి నా నోటికి భయపడి రెండు నెలలు అన్నం సరిగా తినలేదు. ముక్కూమొహం తెలియని మనిషి, నా నోట్లో పడితే ఆ ముసలాయన ఏమైపోతాడో అని ఆ మాటలన్నీ తానే పడ్డాడు. నేనేమో ఉన్నమాట మొహం మీద అనే మనిషిని. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ రోజు నేను నాయనను ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు. అది నా మంచితనం కాదు, అనడానికి నోరు లేదు.

మరుసటి రోజు పొద్దున్నే గ్రూపులో జరిగిందంతా రాశాను. తప్పు నాది, మెకానిక్‌ది ఏమీ లేదు, దయచేసి ఈ మాట కూడా అందరికీ పంపండి అని. జవాబులు టపటపా వచ్చాయి, అన్నీ నవ్వే బొమ్మలు. స్టాఫ్‌రూంలోకి పోతే డ్రిల్లు సారు "ఏం మేడం, మా స్కూటరుకు కూడా రెండు చుక్కలు ఆముదం వేస్తారా?" అన్నాడు. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. మూడు రోజుల్లో ఆ కథ పిల్లల దాకా పోయింది. అందులో కోడి ఈక ఉంది, ఎద్దులబండి ముసలాయన ఉన్నాడు, కంకర కుప్ప ఉంది. మెకానిక్ మాత్రం లేడు. మొదటి మెసేజీని అందరూ నమ్మారు, రెండోది చదివి నవ్వుకున్నారు, అంతే. నవ్వనిది సైన్సు మేడం ఒక్కతే. కట్టు విప్పిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, "పాపం, ఆయప్ప" అంది. హిందీ మేడం భర్తకు ఫోను చేశాను.

"అయ్యో, అట్లనా మేడం! కానీ ఇప్పుడు వేరేవాళ్లకు ఇచ్చేసినాం కదా. వాళ్లు బానే చేస్తాండారు" అన్నాడు. ఆయన్ను ఏమనగలను?

ఆ ఆదివారం ధర్మవరం పోదామంటే నాయన మోకాళ్ల నొప్పి మాట ఎత్తలేదు. ఉతికిన పంచె కట్టుకుని, నాకంటే ముందే పోయి కారులో కూర్చున్నాడు. పెనుకొండ మీదుగా పోయాం. ఆ వాలు దగ్గర నేను గేరులోనే దిగాను. కంకర కుప్ప లేదు, రోడ్డు వేసేశారు. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో పేర్చుకుంటూనే ఉన్నాను. మళ్లీ షెడ్డు పెట్టుకో అన్నా, మొదటి కొంతకాలం అద్దె నేను చూసుకుంటా, మా స్కూలు బండ్లన్నీ నేనే ఇంటింటికీ తిరిగి తెస్తా అని. ధర్మవరంలో మగ్గాల సద్దు వినిపించే సందులు దాటి, మూడు షెడ్లలో అడిగితే నాలుగో దాంట్లో దొరికాడు. పెద్ద షెడ్డు. ఆరేడుగురు పనిచేస్తున్నారు. అందరికీ ఒకే రంగు చొక్కాలు. అతను ఒక జీపు కింద నుంచి బయటికి వచ్చి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"బాగుండావా తాతా?" అని ముందు నాయననే అడిగాడు.

నాయన అతని చేతులు పట్టుకున్నాడు. గ్రీసు అంటుతుంది వద్దు వద్దంటున్నా వదల్లేదు. నేను దారిలో పేర్చుకున్నదంతా ఎటుపోయిందో, "ఎందుకు చెప్పలేదన్నా? ఆ రోజు ఒక్క మాట చెప్పుంటే..." అని ఏడుపు గొంతుతో అన్నాను.

"చెప్పుంటే మీరు నమ్ముతాంటిరా మేడం?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్లు అడిగాడు. నమ్మేదాన్నా? నలుగురి ముందు, తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ముసలాయన మీద తోస్తాడా అని ఇంకో గంట అరిచేదాన్ని. నా గురించి నాకంటే అతనికే బాగా తెలిసింది. తల దించుకున్నాను.

షెడ్డు సంగతి ఎత్తితే అతను విననే లేదు. సామాన్లు అమ్మేసినాను మేడం, పిల్లోళ్లను ఈడ బడిలో వేసినాను, ఇంక వద్దులే అన్నాడు. మాట్లాడుతూనే రెండు మూడుసార్లు లోపలివైపు చూశాడు. పని ఆపి మాట్లాడుతున్నందుకు అని అర్థమవడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"అయితే నా బ్రేకులన్నా చూడన్నా. ఇంకొకరితో చూపించుకోను."

"ఓనరును అడగండి మేడం. ఈడ నా చేతిలో ఏం లేదు."

లోపల కుర్చీలో నాకంటే చిన్నవాడు ఒకడు ఫోను చూసుకుంటున్నాడు. నేను అతని ముందు నిలబడి మొత్తం చెప్పాను. ఈ మనిషి పని ఎంత నిక్కచ్చిదో, డిస్కులు గీకమంటే గీకనని ఎట్లా మొండికేశాడో, నేను ఎట్లా పరువు తీశానో, అందులో అతని తప్పు ఇసుమంత కూడా లేదని, పనిచేస్తున్న వాళ్లందరికీ వినిపించేట్లు గట్టిగా చెప్పాను. హిందూపురం షెడ్డులో అరిచినప్పుడు ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగా. ఓనరు మర్యాదగానే విన్నాడు.

"అట్లనా మేడం. ఇప్పుడు బండికి ఏం చేయల్ల?"

"బ్రేకులు చూడాలి. ఆయనే చూడాలి."

"ఆయప్ప జీపు మీద ఉండాడు మేడం. మాకాడ ఎవరు చూసినా ఒకటే" అని ఇంకొకతన్ని కేకేశాడు.

ఆ వచ్చినతను జాకీ తీసుకుని నా కారు వైపు నడిచాడు. నాయన అతనికంటే ముందే పోయి, ఎడమ చక్రానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ముట్టొద్దప్పా" అన్నాడు. "ఈ చక్రాలను ఆయప్ప తప్ప ఎవరూ ముట్టగూడదు."

జాకీ పట్టుకున్నతను నవ్వి ఓనరు వైపు చూశాడు. ఓనరు నా వైపు చూశాడు. నేను మెకానిక్ వైపు చూశాను. అతను నాయననే చూస్తున్నాడు, ఒక అడుగు ముందుకు వేశాడు కూడా. కానీ ఓనరు ఇంకా ఏమీ అనలేదు. అతను ఆ అడుగు వెనక్కి తీసుకుని, కింద పడున్న పాన తీసుకుని మళ్లీ జీపు కిందికి పోయాడు.